ఒక పూటకు ఒక పని

ఎండలు ముదిరి, మామిడికాయకు టెంక గట్టిపడే దినాలలో మన ఇండ్లలో ఒక రోజు వస్తుంది. ఆ రోజు ఇంట మరొక పని సాగదు. తెల్లవారగానే కాయలు కడిగి, తడి లేకుండ తుడిచి ఆరబెడతారు. ఒకరు కత్తిపీట ముందు కూర్చుండి టెంకతో సహా ముక్కలు కొడతారు. ఒకరు జీడి తీసి, ముక్కకు అంటిన పొరను గుడ్డతో తుడుస్తారు. మరొకరు ఆవపిండి, కారము, ఉప్పు పాళ్లు చూచి కొలుస్తారు. ఇంటి పెద్దావిడ నూనె పోసి కలిపి జాడీల కెత్తుతుంది. ఏడాదికి చాలిన ఆవకాయ ఆ ఒక్క రోజున సిద్ధమవుతుంది. కాయ దొరికే కాలం కొద్దిపాటిది గనుక ఇట్లు చేయక తప్పదని ఎవరైనా అనవచ్చును. మరి అప్పడాల మాట ఏమిటి? మినుములకు కరవు లేదు, ఎండ కాచే నెలలు అనేకం ఉన్నవి. అయినను ఇరుగుపొరుగు అమ్మలక్కలు ఒక మధ్యాహ్నం కూడుకొని వందలకొలది అప్పడాలు ఒత్తుతారు. పిండి చేతికి అలవాటుపడిన కొలది పదవ అప్పడం కంటె నూరవ అప్పడం గుండ్రంగా వస్తుంది. ఆ అనుభవమే వారికి గురువు.

పోలికగల పనులను ఒకచోట చేర్చి, నడుమ మరొకదానికి తావియ్యక ముగించుట మానవుడు ఏనాడో కనుగొన్న ఉపాయం. సాలెల వీధిలో ఉదయాన్నే పడుగు సాచి గంజి పెడతారు. ఆ పని తీరిన తరువాతనే మగ్గం దగ్గర కూర్చుంటారు. కుమ్మరి కుండలన్నీ చేసి, ఆరబెట్టి, ఆవము ఒక్కమారు పేరుస్తాడు. వీరెవ్వరూ ఇందుకొక శాస్త్రం వ్రాయలేదు. వ్రాసినవారు వేరే ఉన్నారు. వారు చెప్పినదానిని కాలక్రమాన పరిశీలించినచో ఈ ఉపాయం వలన కలిగే మేలు తెలియడమే గాక, ఒక ప్రశ్న కూడ మనకు ఎదురవుతుంది. పనులను ఇట్లు గుదిగుచ్చే అధికారం ఎవరి చేతిలో ఉండవలెను?

ఈ విషయమై మన దేశంలో మిక్కిలి ప్రాచీనమైన ఏర్పాటు ఒకటి కౌటిల్యుని పేర నిలిచిన అర్థశాస్త్రంలో కనబడుతుంది. చాలకాలం పేరు మాత్రమే వినబడుతూ వచ్చిన ఆ గ్రంథాన్ని మైసూరు ప్రాచ్య గ్రంథాలయంలోని తాళపత్ర ప్రతి ఆధారంగా శామశాస్త్రిగారు 1909లో ప్రకటించినారు. అందులో రాజు దినచర్యకు ఒక ప్రకరణం ఉన్నది. పగటిని ఎనిమిది భాగాలు, రాత్రిని ఎనిమిది భాగాలు చేయవలెనని దాని విధి. పగలు, రాత్రి సమానంగా ఉన్న రోజున ఒక్కొక్క భాగం గంటన్నర అవుతుంది. గడియలు లెక్కించడానికి నాళికను, నీడ కొలతను ఉపయోగించవలెను.

పగటి తొలి భాగంలో రాజు దేశరక్షణ విషయాలను, ఆదాయ వ్యయాలను వినవలెను. రెండవ దానిలో పురజనుల, జానపదుల వ్యవహారాలు చూడవలెను. మూడవ భాగం స్నాన భోజనాలకు, స్వాధ్యాయానికి. నాలుగవ దానిలో ధనం స్వీకరించి, అధ్యక్షులకు పనులు అప్పగించవలెను. మంత్రిపరిషత్తుతో లేఖలు నడుపుట, చారులు తెచ్చిన వార్తలు తెలిసికొనుట అయిదవ భాగానికి చేరినవి. ఆరవది వినోదానికో, ఆలోచనకో అతని ఇష్టం. ఏడవ భాగంలో ఏనుగులను, గుఱ్ఱాలను, రథాలను, ఆయుధధారులైన భటులను చూచుకోవలెను. ఎనిమిదవ దానిలో సేనాపతితో కూడి యుద్ధవిషయాలు చింతించవలెను. రాత్రికి కూడ ఇట్టి విభాగమే ఉన్నది. అందులో నిద్రకు విడిచినది మాత్రం రమారమి రెండు భాగాలే!

ఈ పట్టికను చదివినప్పుడు మనకు ముందుగా తోచేది దాని కాఠిన్యం. కొంచెం నిదానించి చూచినచో దానిలోని సౌలభ్యం బోధపడుతుంది. లెక్కలు లెక్కలతో, లేఖలు లేఖలతో, సేన సేనతో చేరినవి. ఏనుగుల సాలలు చూచిన వెంటనే సేనాపతితో మాటలాడుట వలన ఒకదానిలో తెలిసినది రెండవదానికి పనికివస్తుంది. రాజు తన శక్తిననుసరించి ఈ విభాగాన్ని మార్చుకొనవచ్చునని కూడ శాస్త్రకారుడు అనుమతించినాడు.

అంతకన్న గొప్ప మాట ఆ వెనుకనే ఉన్నది. పని మీద వచ్చినవారిని ద్వారం దగ్గర కాచుకొనేటట్లు చేయరాదని ఆయన శాసించినాడు. దర్శనం దుర్లభమైన రాజు చేత పరివారం తారుమారు పనులు చేయిస్తుంది; దానివలన ప్రజలకు ఆగ్రహం కలుగుతుంది; లేదా రాజు శత్రువుకు లోబడిపోతాడు. ఆలస్యం సహించని పనిని వెంటనే వినవలెను. వాయిదా వేసినచో అది కష్టసాధ్యమో, అసాధ్యమో అవుతుంది. బాలుర, వృద్ధుల, రోగుల, అనాథల, స్త్రీల వ్యవహారాలను సైతం పేరుపేరున చెప్పి, ఆ వరుసలోనో, పని బరువునుబట్టో, తొందరనుబట్టో చూడుమన్నాడు. దినాన్ని పదహారు గదులుగా కట్టినవాడే ప్రతి గదికి ఒక తలుపు పెట్టినాడు. ఈ తలుపు సంగతి మనం మరచిపోరాదు.

రాజుకు తన దినం తన చేతిలో ఉన్నది. పనివాని దినం మాట ఏమిటి? ఈ ప్రశ్నకు స్కాట్లండు దేశీయుడైన ఆడమ్ స్మిత్ 1776లో ప్రకటించిన సుప్రసిద్ధమైన అర్థశాస్త్ర గ్రంథంలో సమాధానం వెదకవచ్చును. ఆ గ్రంథం మొదటి అధ్యాయంలోనే గుండుసూదుల కార్ఖానా వస్తుంది. తీగ లాగుట, తిన్నగా చేయుట, కోయుట, మొన తీర్చుట, తల అమర్చుట, తెల్లగా మెరుగుపెట్టుట, కాగితానికి గుచ్చుట — ఇట్లు ఒక్క సూదికి సుమారు 18 పనులున్నవి. స్మిత్ చూచిన చిన్న కార్ఖానాలో పదిమంది మాత్రమే ఉన్నారు. వారు ఆ పనులను పంచుకొని రోజుకు 48,000కు పైగా సూదులు చేసేవారు. తలకు 4,800 అన్నమాట. ఈ విద్య నేర్వనివాడు, ఒక్కడే అన్ని పనులూ చేయబూనినచో, దినానికి ఇరవై చేయుట కూడ కల్ల అని ఆయన నిశ్చయం.

ఈ వృద్ధికి స్మిత్ మూడు కారణాలు చెప్పినాడు. ఒకే పనిలో చేయి తిరుగుట మొదటిది. యంత్రాల కల్పన మూడవది. మన విషయానికి ముఖ్యమైనది రెండవది. ఒక జాతి పని నుండి మరొక జాతి పనికి మారునప్పుడు వ్యర్థమయ్యే కాలం మనం అనుకొనేదానికంటె ఎక్కువ అని ఆయన గుర్తించినాడు. ఇందుకు ఆయన పల్లెటూరి సాలెను ఉదాహరణగా తీసికొన్నాడు. ఆ సాలెకు కొంచెం పొలం కూడ ఉన్నది. మగ్గం నుండి పొలానికి, పొలం నుండి మగ్గానికి నడిచే కాలం పోవుట కంటికి కనబడే నష్టమే. మగ్గమూ పొలమూ ఒక్కచోటనే ఉన్నా నష్టం పూర్తిగా తీరదు. క్రొత్త పనికి చేయి వేసినవాడు కొంతసేపు అటునిటు తారట్లాడుతాడు. మనసు వెంటనే దానిపై నిలువదు. అరగంట కొకమారు పనిని, పనిముట్టును మార్చుకొనేవానికి ఈ మాంద్యం స్వభావమైపోతుందని స్మిత్ భావం.

సాలె మగ్గాన్ని, పొలాన్ని ఎరిగినవారికి ఇది ఏకపక్షమైన తీర్పుగా తోచవచ్చును. మగ్గం మీద వంగి నొచ్చిన నడుముకు పొలం గట్టు విశ్రాంతి కాదా? స్మిత్ ఈ రెండవ పక్కను చూడకపోలేదు. అదే గ్రంథంలో చాల దూరం పోయిన తరువాత, అయిదవ భాగంలో, కొన్ని సులభమైన పనులలోనే జీవితమంతా గడిపే మనుష్యునికి బుద్ధిని వినియోగించే అవసరమే రాదని, మనుష్యుడు ఎంత జడుడు కావచ్చునో అంత జడుడు అవుతాడని కఠినంగా వ్రాసినాడు. దీనికి విరుగుడుగా సామాన్య ప్రజలకు ప్రభుత్వం చదువు చెప్పించవలెనని కోరినాడు. మొదటి అధ్యాయంలోని సూదుల లెక్క లోకానికి కంఠస్థమైనది. ఈ హెచ్చరికను జ్ఞాపకముంచుకొన్నవారు కొద్దిమంది.

సూదుల కార్ఖానాలోని పద్ధతి కొద్దికాలానికే గణితంలో ప్రవేశించినది. ఫ్రాన్సులో విప్లవం తరువాత కొలతలన్నిటిని దశాంశ పద్ధతికి తెచ్చినారు. సమకోణాన్ని కూడ 100 భాగాలు చేసినారు. అందుకు తగిన క్రొత్త గణిత పట్టికలు కావలసి వచ్చినవి. ఆ పని గాస్పార్ ద ప్రోనీ అనే ఇంజనీరు మీద పడినది. 1 మొదలు 2,00,000 వరకు సంఖ్యలకు సంవర్గమానాలు కట్టుట అందులో ఒక భాగం మాత్రమే! పాతపద్ధతిలో ఒక్కొక్క సంఖ్య తీసికొని మొదటి నుండి చివర దాక కట్టుతూ కూర్చుంటే జీవితకాలం చాలదు. ప్రోనీకి ఆడమ్ స్మిత్ గ్రంథంలోని సూదుల అధ్యాయం కంటబడినది. సూదులవలెనే సంవర్గమానాలను కూడ తయారుచేయవచ్చునని ఆయనకు తోచినది.

ఆయన తన వారిని మూడు తరగతులుగా విభజించినాడు. మొదటి తరగతిలో అయిదారుగురు ప్రసిద్ధ గణితవేత్తలు. వీరు సూత్రాలు మాత్రం నిర్ణయిస్తారు. రెండవ తరగతిలో ఏడెనిమిది మంది. వీరు ఆ సూత్రాలను అంకెలలోనికి దించి కాగితాలు సిద్ధం చేస్తారు, తిరిగి వచ్చిన లెక్కలను సరిచూస్తారు. మూడవ తరగతిలో 60 నుండి 80 మంది. వీరు చేయవలసినవి కూడిక, తీసివేత — అంతే. పట్టికలు ముగిసేసరికి 17 పెద్ద సంపుటాలైనవి. మూడవ తరగతివారిలో పదింట తొమ్మిదిమందికి ఆ రెండు లెక్కలు తప్ప మరేమీ రావని, అయినను ఎక్కువ గణితం తెలిసినవారికన్న వీరి లెక్కలలోనే తప్పులు తక్కువ వచ్చేవని ఇంగ్లండు గణితవేత్త చార్లెస్ బాబేజీ 1832లో ప్రకటించిన గ్రంథంలో వ్రాసినాడు. మరొక ఆలోచన లేనివాని చేయి తప్పదన్నమాట.

ఇంతమంది శ్రమ ఫలితం చాలకాలం వ్రాతప్రతులలోనే మిగిలిపోయినది. అచ్చుకు ధనం చాలలేదు. సంక్షిప్తరూపం ఒకటి 1891లో గాని వెలువడలేదు. అయితే దాని ప్రభావం అచ్చు కొరకు వేచి ఉండలేదు. మనుష్యుడు కూడిక, తీసివేతలు మాత్రమే చేస్తున్నప్పుడు ఆ పని యంత్రం ఎందుకు చేయరాదని బాబేజీ ఆలోచించినాడు. 1822లో చిన్న నమూనా చేసి చూపినాడు. పెద్ద యంత్రం ఆయన జీవితకాలంలో పూర్తి కాలేదు. ఆయన గీసిన పటాలనుబట్టి లండనులోని విజ్ఞాన ప్రదర్శనశాలవారు 1991లో ఒక యంత్రాన్ని నిర్మించగా అది సరిగానే లెక్క కట్టినది. ఇంగ్లీషులో ‘కంప్యూటరు’ అనే పేరు మొదట లెక్కలు కట్టే మనుష్యునిది. తరువాత యంత్రానికి సంక్రమించినది. 1950 తరువాతి దశాబ్దంలో ఆ యంత్రాలకు కూడ పాత సూత్రమే వర్తించినది. యంత్రం ఒక నిముషం ఊరక ఉన్నా ఎంతో వ్యయం గనుక, పలువురి పనులను ఒక కట్టగా కట్టి, ఒకదాని వెంట ఒకటిగా అందించేవారు.

సూదుల కార్ఖానాలోను, ప్రోనీ కచేరీలోను పని ముక్కలైనది. దాని పూర్తి రూపం పనివాని కంటికి దూరమైనది. అట్లు దూరం కాకుండ పనులను గుంపుచేసిన ఉదాహరణ ఒకటి మన తెలుగు దేశంలోనే ఉన్నది. చార్లెస్ ఫిలిప్ బ్రౌన్ 1798లో కలకత్తాలో పుట్టినాడు. 1817లో మదరాసు చేరి తెలుగు ఆరంభించినాడు. 1820లో కడపకు ఉద్యోగిగా వచ్చినాడు. 1824 ప్రాంతాన వేమన పద్యాలు ఆయన చేతికి వచ్చినవి. ఒక ప్రతిలో ఉన్న పద్యం మరొకదానిలో లేదు. ఉన్నచోట పాఠం వేరు. మన కావ్యాల తాటాకు ప్రతులన్నిటి స్థితి ఆనాడు ఇంచుమించు ఇదే.

బ్రౌన్ కడపలోని తన బంగళాలో పండితులను, లేఖకులను చేర్చి జీతాలిచ్చి పోషించినాడు. ఒక గ్రంథానికి దొరికినన్ని ప్రతులు పలుతావుల నుండి తెప్పించుట ఒక దశ. వాటిని కాగితాలపైకి ఎత్తి వ్రాయించుట ఒక దశ. ప్రతులన్నీ ఎదుట పెట్టుకొని పాఠభేదాలు గుర్తించుట, పండితులతో చర్చించి సాధుపాఠం నిర్ణయించుట, టీక వ్రాయించుట తరువాతి దశలు. లేఖకుడు లేఖకుని పని, పండితుడు పండితుని పని చేసినారు. ఇంతవరకు ప్రోనీ పద్ధతికి, దీనికి పోలిక ఉన్నది. భేదం ఎక్కడనగా, ఒకే పద్యం చుట్టూ పదిమంది కూర్చుండి మాటలాడుకొన్నారు. ఆ పండితులకు తాము చేస్తున్నది ఏ కావ్యమో, ఎందుకో తెలుసు. అన్నిటికి పైన బ్రౌన్ దృష్టి ఉన్నది. వేమన పద్యాలు 1829లో అచ్చయినవి. ఒక్కొక్క కావ్యం పరిష్కరించునప్పుడు ఏరిన పదాలు, ప్రయోగాలు వేరొక కుప్పగా పెరుగుతూ వచ్చి 1852లో తెలుగు–ఇంగ్లీషు నిఘంటువైనవి. పగలు కచేరీలో ఉద్యోగం, ఊరూరికి బదిలీలు, అప్పుల బాధ — వీటి నడుమ సుమారు 30 ఏండ్లు ఆ దారం తెగలేదు. ఆయన 1884లో లండనులో మరణించినాడు. కడపలో నేడు ఆయన పేర గ్రంథాలయం నెలకొని ఉన్నది.

ఇంతవరకు చెప్పినదంతా అనుభవజ్ఞుల మాట. మనస్తత్వ పరిశోధకులు దీనిని పరీక్షకు పెట్టినది 20వ శతాబ్దంలో. 1927లో ఆర్థర్ జెర్సిల్డ్ అనే అమెరికా పరిశోధకుడు విద్యార్థులకు అంకెల వరుసలు ఇచ్చినాడు. ఒక వరుసలో అన్నిటికీ కూడికే. ఒక వరుసలో అన్నిటికీ తీసివేతే. మరొకదానిలో ఒకసారి కూడిక, ఒకసారి తీసివేత. కలగలుపు వరుసకు ఎక్కువ కాలం పట్టినది. ఇందులో మరొక విశేషం కూడ బయటపడినది. ఒక్కొక్క అంశమే తనకు చేయవలసిన పని ఏదో స్వయంగా సూచించే రకానిదైనచో, మార్పు వలన ఆ నష్టం కనబడలేదు. మనసుకు బరువైనది చేతిపని మారుట కాదు. ఇప్పుడు ఏమి చేయవలెనని జ్ఞాపకం తెచ్చుకొనుట. 1995లో రోజర్స్, మన్సెల్ అనే ఇద్దరు చేసిన పరీక్షలలో, మార్పు రాబోతున్నదని ముందే తెలిసి, సిద్ధపడడానికి వ్యవధి ఉన్నప్పటికి కొంత ఆలస్యం మిగిలిపోవుట కనబడినది. స్మిత్ చెప్పిన పల్లెటూరి సాలె తారట్లాట, పరిశోధనశాలలో సెకండ్ల లెక్కకు వచ్చినదన్నమాట.

ఇక మన ఇండ్లకు తిరిగి వద్దాము. నేడు ప్రతివాని జేబులోను టెలిఫోను ఉన్నది. అది మ్రోగినప్పుడెల్ల చేతిలోని పని ఆగిపోతుంది. ఉత్తరాలన్నిటికి ఒక వేళ, లెక్కలకు ఒక వేళ, బజారు పనులకు ఒక వేళ ఏర్పరచుకొని, ఆ వేళలో మిగిలినవాటిని దూరముంచినచో మనసుకు కుదురు చిక్కుతుంది. దినాన్ని పదహారు భాగాలు చేయనక్కరలేదు. రెండు మూడు భాగాలు నిలిచినా చాలును. నిజమైన ఆపద వచ్చినప్పుడు మాత్రం కౌటిల్యుడు పెట్టిన తలుపు తెరచి ఉండవలెను.

ఈ సలహా వినుటకు సులభమే. అయితే ఇది అందరికి సమానంగా అందేది కాదు. ఇల్లాలి దినం చూడండి. పొయ్యి మీద ఎసరు ఉండగా బిడ్డ ఏడుస్తుంది. బిడ్డను ఎత్తుకోగానే వాకిట పాలవాడు పిలుస్తాడు. పెద్దవారికి మందు వేళ అవుతుంది. భర్త కళ్లజోడు కనబడదు. ఒక గంటలో ఆమె మనసు ఎన్ని పనుల మధ్య తిరిగినదో లెక్క పెట్టినవారు లేరు. సాయంకాలానికి ఆమె “ఏ పనీ తెమలలేదు” అని నిట్టూరిస్తే, ఓపిక లేదనో, ఒద్దిక లేదనో అంటారు. ఆమె పనులను ముక్కలు చేసినది ఆమె కాదు, తక్కిన ఇంటివారము. రాజు చుట్టూ పరివారం ఉండి అతని వేళలను కాపాడినది. బ్రౌన్ దొర బంగళాకు నౌకర్లు ఉన్నారు. ఈమెకు ఎవరున్నారు?

ఆవకాయ నాటి సంగతి తలచుకొన్నచో ఇందుకు మార్గం కనబడుతుంది. ఆ ఒక్కరోజు ఇంటిల్లిపాది ఆమె చెప్పినట్లు నడుచుకొంటారు. కాఫీ ఆలస్యమైనా ఎవరూ గొణగరు. పిల్లలను ఎవరో ఒకరు పట్టుకొంటారు. ముక్కలు కొట్టే పని మగవారు తీసికొంటారు. కారము, నూనె పాళ్లు ఆమె నిర్ణయమే; జాడీ మూతకు వాసెనకట్టు పడేవరకు ఆమె మాటకు తిరుగులేదు. అందువలననే అంత పని ఒక్క రోజున తెములుతుంది. ఏడాదికి ఒకమారు ఇయ్యగలిగిన ఆ పూటను వారానికి ఒకమారైనా ఇవ్వడానికి మన ఇండ్లలో వీలుండదా? ఆ పూట ఆమె కుట్టుపని ముగించుకొంటుందో, లెక్కలు చూచుకొంటుందో, సగంలో విడిచిన పుస్తకం చదువుకొంటుందో అది ఆమె ఇష్టం. వాకిట ఎవరైనా పిలిచినప్పుడు మనమే లేచి వెళ్లవలెను.